మా బావమరిది నాకు ఎంచిన సాఫ్ట్‌వేర్

నన్ను మొట్టమొదట బిగినర్ అన్నవాడు మా బావమరిది. అన్నది ఒక ఆదివారం మధ్యాహ్నం, హిందీ మాట్లాడే ఈ ఉక్కు ఊళ్ళో, భుయ్యాడీహ్‌లో మా ఇంట్లో, మా ఆవిడ వండిన రొయ్యల కూర రెండోసారి వడ్డించుకుంటూ. కూర సంగతి ఎందుకంటారా? ఎవరి అన్నం తింటూ ఎవరిని ఏమన్నారో గుర్తుపెట్టుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

అతనికి సాక్చి బజారులో చెప్పుల దుకాణం పై అంతస్తులో ఒక సెంటరు ఉంది. యంత్రభాగాల డ్రాయింగులు కంప్యూటరు మీద గీసే సాఫ్ట్‌వేర్లు అక్కడ నేర్పుతాడు. క్యాడ్ అంటారు వాటిని. ఆ రోజు ఎడంచేత్తో ఫోను తీసి నా ముందు పెట్టాడు. మీ నైపుణ్యానికి తగిన క్యాడ్ సాఫ్ట్‌వేర్ ఏదో తేల్చిచెప్పే ప్రశ్నావళి అట.

"పది క్వశ్చన్లే బావా. జవాబు చెప్పు, నీకేది సరిపోద్దో అదే చెప్పేత్తాది."

"నాకేది సరిపోద్దో నాకు తెలీదేటి?"

"తెలిసినోడివైతే ఇన్నేళ్ళూ గీతలే గీత్తా కూకుంటావేటి?" అన్నాడు. మా ఆవిడ వైపు చూసి మరీ అన్నాడు.

త్రీడీలో మోడల్ చేశారా? లేదు. విడిభాగాలను తెరమీదే బిగించి చూశారా? లేదు. క్లౌడ్‌లో పనిచేశారా? లేదు, ఆదిత్యపూర్‌లో చేశాను. పదో ప్రశ్న కూడా అయిపోయింది గానీ, ఎన్నేళ్ళుగా ఈ పనిలో ఉన్నారని ఎవరూ అడగలేదు. చేత్తో గీయడం వచ్చా అనీ అడగలేదు. మీరు గీసిన వస్తువు ఎప్పుడైనా ఎక్కడైనా పనిచేసిందా అన్నది అసలే అడగలేదు. చివర్లో ఫోను మీద నవ్వుతున్న పెన్సిలు బొమ్మ ఒకటి ఎగిరి, నేను బిగినర్నని ప్రకటించింది. నాకు తగిన సాఫ్ట్‌వేర్ ఫలానాది అని చిన్నదొకటి చూపించి, బడిపిల్లలకూ సరదాకి చేసుకునేవాళ్ళకూ అనువైనదని కింద రాసింది.

మా ఆవిడ నవ్వింది. సొంత భార్యే కదా, వదిలేసి ఉంటానని అనుకునేవాళ్ళకి నా సంగతి తెలియదు.

ఖర్కాయీ నదికి అవతల ఆదిత్యపూర్‌లో ఒక చిన్న ఇంజనీరింగ్ యూనిట్లో ఇరవై ఏడేళ్ళుగా డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉన్నాను. చేరినప్పుడు బోర్డు, టీ-స్క్వేరు, ట్రేసింగ్ కాగితం. తరవాత కంప్యూటరు వచ్చింది. అప్పటి యజమాని, 'నీ వల్ల అవుతుందా?' అన్నాడు. రెండు నెలల్లో నేర్చుకున్నాను. కాగితం మీద గీసినట్టే గీతలు గీసే టూడీ సాఫ్ట్‌వేర్ అది. ఆయన పోయాడు, ఆయన ప్రశ్న నా దగ్గర భద్రంగా ఉంది.

ఇప్పుడు యూనిట్ నడిపేది ఆయన కొడుకు. ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చిన కుటుంబం. మామూలుగా నన్ను అందరిలాగే దాదా అంటాడు, అన్నయ్యా అని. చెడ్డకబురు ఉన్నప్పుడు మాత్రం బాబాయ్ అంటాడు.

ఆ ఆదివారం తరవాత పదిరోజులకి నా గదిలోకి వచ్చి, "బాబాయ్" అన్నాడు. నేను పెన్ను మూత పెట్టేశాను.

"మనకి ఆర్డర్లిచ్చే పెద్ద పార్టీ ఇకనించి డ్రాయింగుతో పాటు త్రీడీ మోడల్ కూడా ఇమ్మంటంది. ముందు ఒక బ్రాకెట్ చేసి చూపించాల. నెల టైముంది. నువ్వు చేసిచ్చినావా, గది నీదే, కంప్యూటరు నీదే. లేదంటే డ్రాయింగు పనంతా బయటికి ఇచ్చెయ్యాల."

"బయటంటే ఎక్కడ?"

"సాక్చిలో మీ బావమరిది ఉన్నాడు కదా. ఇంట్లోవాడే, బయటోడేటి?"

"మరి నేనేటి చేత్తాను?"

"నువ్వు స్టోర్సు చూసుకో బాబాయ్. అక్కడ నమ్మకమైన మనిషి కావాల."

స్టోర్సు అంటే నట్లూ బోల్టులూ లెక్కపెట్టి ఇచ్చి, సంతకం తీసుకునే గది. కిటికీ లేదు. ఇరవై ఏడేళ్ళు నేను గీసిన బోల్టులను మిగిలిన ఏళ్ళు నేనే లెక్కపెట్టుకోవాలన్నమాట. మా బావమరిదిని ఇతనికి పరిచయం చేసింది ఎవరు? నేనే. మా గృహప్రవేశంలో, పక్కపక్కన కూచోబెట్టి, ఇద్దరికీ నా చేత్తో లడ్డూలు వడ్డించాను.

సాఫ్ట్‌వేర్ ఎంచుకునే స్వేచ్ఛ మాత్రం నాకే ఇచ్చాడు. బజారులో మూడు రకాలున్నాయి. చిన్నది, మా బావమరిది నాకు ఎంచినది. నడిమిది, పాలిటెక్నిక్ చదివినవాళ్ళు వాడేది. పెద్దది, విమానాలూ కార్లూ తయారుచేసేవాళ్ళు వాడేది. నాకు అక్షరాలా పది నిమిషాలు కూడా పట్టలేదు. చిన్నది నాకు సరిపోతుందని అతను అన్నాడు కాబట్టి పెద్దది తీసుకున్నాను. నెలరోజులు ఉచితంగా వాడుకోవచ్చు. మా గదిలో కంప్యూటరు పాతది. ఆ సాఫ్ట్‌వేర్ తెరుచుకునే లోపు గేటు దాకా వెళ్ళి టీ తాగి రావచ్చు. వెళ్ళి తాగి వచ్చేవాణ్ణి.

మొదటి రోజే అది నన్ను అడిగింది: ముందు నుంచి గీస్తావా, పై నుంచి గీస్తావా, పక్క నుంచి గీస్తావా? నాకు కళ్ళు చెమర్చినంత పనైంది. ఇన్నాళ్ళకి డ్రాఫ్ట్స్‌మన్ భాష తెలిసిన యంత్రం దొరికింది! మా వృత్తిలో ఏ వస్తువునైనా మూడువైపుల నుంచి చూపిస్తాం. ముందు వైపు బొమ్మ, దాని కింద పై నుంచి చూస్తే కనిపించేది, పక్కన పక్కవైపుది. చూసేవాడు మూడూ కలుపుకుని మనసులో వస్తువును నిలబెట్టుకుంటాడు. అలాగే మూడు బొమ్మలూ ఒకే తలం మీద, పద్ధతిగా, సరైన ఎడం ఇచ్చి గీశాను. నాలుగు రోజులు. మధ్యరేఖలు వేశాను, ప్రస్తుతానికి ఉజ్జాయింపు కొలతలు వేశాను, కింద కుడిమూల పేరుపట్టీ కూడా కట్టాను. ఐదో రోజు, దీన్ని ఘనవస్తువుగా మార్చు అన్న మీట నొక్కాను.

మూడు అప్పడాలు వచ్చాయి.

ముందు నుంచి చూసిన బ్రాకెట్ ఆకారంలో ఒక అప్పడం, పై నుంచి చూసిన ఆకారంలో ఒకటి, పక్కనుంచి చూసిన ఆకారంలో ఇంకొకటి. మూడూ పక్కపక్కనే నిలబడ్డాయి. బ్రాకెట్ ఎక్కడా లేదు. ఆ మూడింటినీ కలిపి చూసుకునే మనసు దానికి లేదని అప్పుడు తెలిసింది. కొత్తగా నేర్చుకునే కుర్రాడెవడూ ఈ తప్పు చెయ్యడు, వాడికి మూడు బొమ్మల సంగతే తెలియదు కాబట్టి. ఇరవై ఏడేళ్ళు శ్రద్ధగా పనిచేసినవాడికే ఇది సాధ్యం.

పట్టు వదలలేదు. రెండోవారం అది ఎరుపెక్కడం మొదలుపెట్టింది. నేను ఏ కొలత ఇచ్చినా గీత ఎర్రబడి, ఇది నాకు ముందే తెలుసు, మళ్ళీ చెప్పొద్దు అని ఒక పెట్టెలో రాసేది. ఒకమాట రెండుసార్లు చెబుతానని మా ఇంట్లోనూ నా మీద ఫిర్యాదు ఉంది. కానీ ఇంట్లో ఎవరూ ఎర్రక్షరాల్లో రాసి చూపించలేదు.

మూడోవారం యజమాని తొంగిచూశాడు. "ఏటి దాదా, అప్పడాలు ఎండబెడతన్నావా?"

"అవుతంది. బేస్ కడతన్నాను."

"జర జల్దీ కరో, తొందరగా కానియ్. మీ బావమరిదిని కూడా ఒకటి చెయ్యమన్నాను, సేఫ్టీకి."

సేఫ్టీకి! నేను అప్పటికప్పుడు ఆ మాటను తారీఖుతో సహా మనసులో రాసుకున్నాను.

ఆ వారంలోనే మా బావమరిది ల్యాప్‌టాప్ సంచీ భుజానేసుకుని యూనిట్‌కి వచ్చాడు. పార్టీ పంపిన పాత నమూనా బ్రాకెట్‌ను బల్లమీద పెట్టి, అంకెలు వెలిగే వెర్నియర్‌తో దాన్ని గంటసేపు కొలిచాడు. మూడోరోజుకల్లా తెరమీద బ్రాకెట్ వెండిలా మెరుస్తూ గిరగిరా తిరుగుతోంది.

ఆ నమూనా సంగతి చెప్పాలి. ఆదిత్యపూర్‌లో చిన్న యూనిట్ల దగ్గరికి డ్రాయింగు పట్టుకుని వచ్చేవాళ్ళు తక్కువ. పాడైపోయిన భాగాన్ని గోనెసంచిలో వేసుకుని వచ్చి ధడేల్మని బల్లమీద పడేసి, 'ఐసా హీ చాహియే' అంటారు. ఇలాంటిదే కావాలి అని. ఆ మాట నమ్మి ఇలాంటిదే చేసిచ్చినవాడు ఇక్కడ ఒక్క ఏడాది కూడా నిలవడు. ఇలాంటిది కాదు, ఇది కొత్తగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో అలాంటిది కావాలి. ఎవరూ నోటితో చెప్పరు. అందరికీ తెలుసు.

చెప్పుల దుకాణం పై అంతస్తుకి మాత్రం ఆ కబురు చేరలేదు.

ఆ బ్రాకెట్ కన్వేయర్ బెల్టు కింద రోలర్‌ను మోసేది. ఎల్ ఆకారంలో వంచిన రేకు. పైన ఒక గాడి, రోలర్ ఇరుసు కొస అందులో కూచుంటుంది. ఏళ్ళ తరబడి దుమ్ము రాసుకుని రేకు పల్చబడింది. ఇరుసు కదిలి కదిలి గాడి వెడల్పయింది. ఎవడో ఎక్కడో సుత్తితో కొట్టడం వల్ల మూల కొంచెం విచ్చుకుంది. ఇవన్నీ మా బావమరిది భక్తిశ్రద్ధలతో కొలిచి, మోడల్‌లోకి ఎక్కించాడు. రేకు మందం ఎనిమిది పాయింట్ మూడు ఏడు మిల్లీమీటర్లు. గాడి పదిహేడు పాయింట్ ఒకటి రెండు. మూల తొంభై ఒకటిన్నర డిగ్రీలు.

"పాయింటు తర్వాత రెండంకెలు!" అన్నాడు యజమాని ఆ తెర ముందు చేతులు కట్టుకుని.

"చూడు బావా, పర్ఫెక్ట్ కాపీ. ఏటంతావు?" అన్నాడు మా బావమరిది.

"బాగుంది" అన్నాను. ఆ సాయంత్రం షేర్ ఆటోలో ముగ్గురి మధ్య ఇరుక్కుని కూచుని కూడా, మెత్తటి సోఫాలో వెళ్తున్నంత హాయిగా ఇంటికెళ్ళాను. పార్టీ ఇంజనీరు గురువారం వస్తాడు. అరిగిపోయిన బ్రాకెట్‌కి బంగారం లాంటి నకలు చూస్తాడు. నేను చెయ్యాల్సిందల్లా నోరు మూసుకోవడం. నా జీవితంలో ఎవరూ నాకు అంత తేలికైన పని ఇవ్వలేదు.

మంగళవారం ఉదయం గ్యాస్ కటింగ్ చేసే మనిషి ఆ మోడల్ ప్రింటు పట్టుకుని నా గుమ్మంలో నిలబడ్డాడు. ఇంజనీరు వచ్చేలోపు రెండు బ్రాకెట్లు కోసి ఉంచమని యజమాని చెప్పాడట.

"దాదా, ఆఠ్ పాయింట్ సైంతీస్ కా ప్లేట్ కౌన్ దేగా?" అన్నాడు. ఎనిమిది పాయింట్ ముప్పై ఏడు ప్లేటు ఎవరిస్తారని.

ఇనుము పుట్టే ఊరిలోనే అలాంటి ప్లేటు పుట్టదు. ఎనిమిది ఉంటుంది, పది ఉంటుంది, పన్నెండు ఉంటుంది. నాకు నవ్వొచ్చింది. అతనికి రాలేదు.

"గోదాములో ఎనిమిది ఉంది. దాన్నే కోసేత్తాను" అన్నాడు వచ్చీరాని తెలుగులో, వెనక్కి తిరుగుతూ.

పది మిల్లీమీటర్లు ఉండాల్సిన రేకు ఎనిమిదిలో కోస్తే అది ఇంజనీరు ముందు బల్లమీద ముచ్చటగానే ఉంటుంది. బెల్టు మీద బరువు పడ్డాకే వంగుతుంది. వంగితే రోలర్ ఊడి కింద పడుతుంది. ఆ బెల్టు కిందుగా షిఫ్టుకి నడిచి వెళ్ళేవాళ్ళు ఉంటారు. వాళ్ళలో ఎవరూ నన్ను బిగినర్ అనలేదు. వాళ్ళమీద నాకు ఏ కోపమూ లేదు.

"ఆగు. నేను చెప్పేదాకా కొయ్యొద్దు."

"సేఠ్ పూఛేగా తో?" అన్నాడు. యజమాని అడిగితే ఎలా అని.

"నేను ఆపమన్నానని చెప్పు."

చెప్పాక తెలిసింది ఏం చెప్పానో. తప్పని ఆపినవాడే ఒప్పేదో చూపించాలి. ఎదురుగా బుధవారం ఒక్కటే మిగిలింది.

నమూనా తీసుకుని వెనక షెడ్డుకి వెళ్ళాను. దాని పాదం దగ్గర ఒక వాషరు తుప్పుతో అతుక్కుపోయి ఉంది. చిజిల్ పెట్టి రెండు దెబ్బలు వేస్తే ఊడింది. దాని కింద గుండ్రంగా, రూపాయి బిళ్ళంత మేర, రేకు పుట్టినప్పటి రేకులాగే ఉంది. రంగు కూడా పోలేదు. దుమ్ము చేరని చోటు అదొక్కటే. అక్కడ కొలిచాను. పది. గాడికి కొలత గాడిలో దొరకదు, అందులో కూచునే ఇరుసులో దొరుకుతుంది; ఆ ఇరుసుల సైజులు నాకు నోటికి వచ్చు. మూలకి కొలత అక్కర్లేదు, తొంభై డిగ్రీలు కాని మూలను ఎవరూ డబ్బిచ్చి వంచించుకోరు. అరగంటలో బ్రాకెట్ మొత్తం నా చిత్తుకాగితం మీద ఉంది.

ఇక దాన్ని మోడల్ చెయ్యాలి. పెద్ద సాఫ్ట్‌వేర్ తెరిచాను. అప్పడాలు నన్ను చూశాయి. నేను వాటిని చూశాను.

గది తలుపు వేసి, చిన్న సాఫ్ట్‌వేర్ దింపుకున్నాను.

నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను, సంతోషంగా ఏమీ కాదు. అది నన్ను పెద్దగా ఏమీ అడగలేదు. ఒక దీర్ఘచతురస్రం గీశాను. పట్టి లాగాను. మందం వచ్చింది. అంచు మీద ఇంకొకటి గీసి పైకి లాగాను. ఎల్ నిలబడింది. వృత్తం గీసి లోపలికి నెట్టాను, బోల్టు రంధ్రం పడింది. సుద్దముక్కతో రేకు మీద గీసి కోసినట్టే ఉంది. టీ వేళకి గాడి కూడా అయిపోయింది. అడుగుల చప్పుడు అయినప్పుడల్లా దాన్ని కిందికి దించి, పైన పెద్ద సాఫ్ట్‌వేర్‌ను అప్పడాలతో సహా నిలబెట్టేవాణ్ణి. బడిపిల్లల సాఫ్ట్‌వేర్‌తో దొరికిపోవడం కంటే అప్పడాలతో దొరికిపోవడమే గౌరవంగా తోచింది నాకు.

బుధవారం మధ్యాహ్నానికి పని పూర్తయింది. మూడువారాలు ఏం చేశానని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర మర్యాదైన జవాబు లేదు. వస్తువు తెలియడం ఒక విద్య, మీటలు తెలియడం ఇంకొక విద్య. రెండోదానిలో నేను నిజంగానే బిగినర్ని. ఆ సంగతి ఒప్పుకుని చిన్నదాన్ని పట్టుకుంటే మొదటివారంలోనే అయిపోయేది. మొదటి విద్యలో ఉన్న పరువుని రెండోదానికి అప్పిచ్చి, విమానాల సాఫ్ట్‌వేర్‌తో బ్రాకెట్ గీయబోయాను. రేపు ఏ వస్తువు గీయాలో దాన్ని బట్టి సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలి, నిన్న ఎవరు ఏమన్నారో దాన్ని బట్టి కాదు. ఇది మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పను కూడా.

గురువారం పార్టీ ఇంజనీరు వచ్చాడు. తన రోలర్ మోడల్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నాడు. ముందుగా మా బావమరిది బ్రాకెట్‌లో దాన్ని కూచోబెట్టాడు. గాడిలో ఇరుసుకి రెండువైపులా ఇంత ఖాళీ. తెరమీదే కనిపిస్తోంది.

"యే తో ఘిసా హువా హై" అన్నాడు. ఇది అరిగిపోయినది కదా అని.

"సర్, శాంపిల్‌కి హండ్రెడ్ పర్సెంట్ ఎగ్జాక్ట్" అన్నాడు మా బావమరిది.

"వహీ తో" అన్నాడు ఇంజనీరు. అదే కదా మరి అని.

యజమాని నావైపు చూశాడు. పెన్‌డ్రైవ్ ఇచ్చాను. నా బ్రాకెట్ గాడిలో రోలర్ ఇరుసు సరిగ్గా దిగి కూచుంది. బ్రాకెట్ కొయ్యకముందే, రోలర్ మొయ్యకముందే, ఇమిడిందో లేదో తెరమీదే తేలిపోయింది. ఇందులో సుఖం ఉందని అప్పుడు నాలో నేనే అనుకున్నాను. ఎలా చేశావని ఇంజనీరు అడిగితే సాఫ్ట్‌వేర్ పేరు సగం మింగి చెప్పాను. రేకు పనులకి తామూ అదే వాడతామన్నాడు, పెద్దది ఎవరైనా ఎందుకు వాడతారు అన్నాడు. ఆ రెండోముక్క అనకుండా ఉండాల్సింది.

అతను వెళ్ళాక యజమాని మా ఇద్దరినీ కూచోబెట్టాడు. మొహం వెలిగిపోతోంది. తీర్పు చెప్పేవాళ్ళ వెలుగు అది.

"బాబాయ్" అన్నాడు. నేను స్టోర్సు గదిని తలుచుకున్నాను. "నీకు సైజులు తెలుసు, ఇతనికి కంప్యూటరు తెలుసు. నువ్వు కొలిచి చెప్పు, ఇతను సాక్చిలో గీత్తాడు. దోనోం ఖుష్, ఇద్దరికీ బాగుంటాది."

"కుదరదు" అన్నాను.

"ఎందుకు కుదరదు?"

"కొలిచినోడే గియ్యాల. చేత్తో తడమనోడికి ఎక్కడరిగిందో తెలీదు. నేను పది అని చెప్తాను, ఫోనులో ఆడికి ఇంకోటి వినపడద్ది, ఎనిమిది గీత్తాడు. అప్పుడు తప్పెవరిదో నువ్వు తేలుత్తావా? నన్ను స్టోర్సుకి పంపిత్తే పంపించు, తాళాలు ఇప్పుడే ఇచ్చెయ్. మధ్యలో ఏలాడదియ్యకు."

యజమాని గడ్డం గోక్కున్నాడు. ఎవరూ ఊహించనిది అప్పుడు జరిగింది. మా బావమరిది నోరు విప్పాడు.

"బావ చెప్పిందే రైట్ అన్నా. నాను రెండు పాయింట్ల దాకా కొలిచినాను గానీ, ఎక్కడ కొలవాలో నాకు తెలీదు."

దీన్ని కూడా గుర్తుపెట్టుకున్నాను. నాకు జరిగిన మంచిని కూడా నేను మరిచిపోను. ఆ జాబితా చిన్నది, తలలో ఎక్కువ చోటు పట్టదు.

"ఠీక్ హై" అన్నాడు యజమాని. చిన్న సాఫ్ట్‌వేర్ ఏడాదికి కొంటానన్నాడు. ఏడాదికే. నా కుర్చీ వయసు ఇరవై ఏడేళ్ళు, దాని భరోసా పన్నెండు నెలలు. అయినా తీసుకున్నాను. గది నాదే, కిటికీ ఉంది, అప్పడాలను తీసేశాను. ఆ తరవాతి సోమవారం గోనెసంచిలో ఒక పుల్లీ వచ్చింది. కొలిచింది నేనే, గీసింది నేనే.

ఆ వారం మా బావమరిది ఫోన్ చేశాడు.

"బావా, వాషరు తీసి దాని కింద కొలిచినావంట కదా. మా క్లాసులో చెప్పుకోవచ్చా?"

"చెప్పుకో. ఎవరు చెప్పారో అది కూడా చెప్పు."

"అరె, జరూర్ బావా!"

నా పేరు చెప్పలేదట. వాకబు చేశాను.